తిలెక్‌కి బండి అప్పగిస్తూ

ట్రైపాడ్‌ని వీపు మీద నిలువుగా కట్టుకోకు.
తోరుగార్త్ దారిలో చెక్‌పోస్టు కుర్రాళ్ళు
దూరం నుంచి దాన్ని తుపాకీ అనుకుంటారు.
ఒకసారి నన్ను మంచులో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి
దాని మూడు కాళ్ళూ ఒక్కొక్కటే లాగి చూశారు.
చివరికి ముగ్గురూ టోపీలు సర్దుకుని
వరసగా నిలబడి ఫోటో తీయించుకున్నారు.
డబ్బులివ్వలేదనుకో.
ఇప్పటికీ తుర్సునై పేరు చెబితే గేటెత్తుతారు.

కెమెరాని వెనకాల పెట్టెలో పడెయ్యకు.
ఈ ఇంజను వణుకు నీకింకా తెలీదు.
నారిన్ నుంచి అట్-బాషీకి వచ్చేలోపు
లెన్సు మరలు నాలుగు వాటంతటవే ఊడి
సంచి అడుగున జీలకర్రలా మిగిలాయి.
స్పాంజి పనికిరాదు.
మా అత్త వేడినీళ్ళు చల్లి, తొక్కి తొక్కి
గట్టిపరిచిన గొర్రెబొచ్చు కంబళి ముక్క ఉంది, అది చుట్టు.
దాని మీద నీ కోటు. కోటు లోపల నువ్వు.
మనిషి ఒంటిని మించిన స్ప్రింగు
ఏ కార్ఖానాలోనూ నేను చూడలేదు.
రొమ్ముకి కట్టుకో, పాలు తాగే పిల్లని కట్టుకున్నట్టు.
నవ్వకు.
నా ఇద్దరినీ అలాగే మోశాను,
ఆ రెండేళ్ళూ కెమెరా వీపుకి మారింది, అంతే.

యర్ట్‌లోకి వెళ్ళగానే సంచి విప్పకు.
బయట చలి తాగిన గాజు
పొయ్యి సెగ తగలగానే కన్నీళ్ళు పెడుతుంది.
తుడవకు, గుమ్మం పక్కనే ఉండనీ.
మూడు గిన్నెల కుమిస్ అయ్యేలోపు
అదే తేరుకుంటుంది.
నాలుగో గిన్నె వద్దను, లేకపోతే
నువ్వు తేరుకోవు.

ఇక ఆ వాగు.
నీళ్ళు మోకాలి లోతే, రాళ్ళే సబ్బుబిళ్ళలు.
బండి ఒరిగేటప్పుడు
ఒక చెయ్యి నేలకి, ఒకటి సంచికి అని అందరూ చెబుతారు.
నేను రెండూ సంచికే ఇచ్చాను.
సంచి కింద మణికట్టు, మణికట్టు కింద రాయి.
కెమెరా మీద గీతైనా పడలేదు.

పైన అసానాలి
పెన్షను కాగితాలకి ఫోటో కావాలని
మూడు రోజులుగా ఉతికిన చొక్కా విప్పకుండా
మందని ఎవరికో అప్పగించి కూర్చున్నాడు.
నా కుడిచెయ్యి వంకాయలా ఉబ్బింది.
ఆయన మనవరాలు మీర్గుల్‌కి ఏడేళ్ళు.
మెడలో కెమెరా వేస్తే మోకాళ్ళ దాకా వేలాడింది.
నేను వెనక నుంచి ఎత్తి పట్టుకుంటే
అది మేకని అదిలించినట్టు అదిలించింది,
'తాతా, కదిలావో చూడు!'
ముసలాయన పగలబడి నవ్వాడు.
అప్పుడే నొక్కింది.

పెన్షను ఆఫీసు వెనక్కి పంపింది.
మళ్ళీ వచ్చి తీస్తానంటే ఆయన వద్దన్నాడు.
ఆ చలికాలమే పోయాడు.
నల్లరాయి మీద ముఖాలు చెక్కే వాడు
ఫోటో చూసి తల అడ్డంగా ఊపాడు,
సమాధి మీద ఎవరూ నవ్వరన్నాడు.
కూతురు డబ్బులు బల్ల మీద పెట్టి
అక్కడే నిలబడింది, సాయంత్రం దాకా.

ఊరి బయట మలుపులో చూస్తావుగా,
రాళ్ళ మీద అందరూ కోపంగా ఉంటారు,
బతికినన్నాళ్ళూ ఎన్నడూ లేనంత కోపంగా.
అందులో సగం ముఖాలు ఈ బండి మీద దిగొచ్చినవే.
ఒక్కడే నవ్వుతుంటాడు.
కొంచెం అదిరింది ఆ ఫోటో.
అదురునీ వదలకుండా చెక్కాడు మహానుభావుడు.

అక్కడికి రాగానే గేరు తగ్గించు.
గౌరవానికని కాదు, రోడ్డు నడుమ గొయ్యి ఉంది.
సంచి మీద ఒక చెయ్యి వెయ్యి.

ఇదిగో తాళం.
క్లచ్చు తీగ మార్పించు,
ఏప్రిల్ నుంచీ రేపు రేపంటున్నాను.